కొండ అడ్డమొస్తున్నది, జర ఇటు జరుపు

మా పదో తరగతి బ్యాచ్ దోస్తులం తొమ్మిది మందిమి మొన్న నేపాల్‌కు పర్వతాల ఫొటోగ్రఫీ యాత్ర చేసి వచ్చాం. ఈ సంగతి హన్మకొండలో అందరికీ తెలుసు. మీకు తెలియకపోతే తప్పు మీదే. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టాం.

నా గోడు ఆ ఫ్లెక్సీ గురించే. ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల ఎత్తు. 'ఫారిన్ టూర్‌కు బయల్దేరుతున్న మిత్రబృందానికి హార్దిక శుభాకాంక్షలు' అని పైన, 'శుభాకాంక్షలతో... మిత్రబృందం' అని కింద. మనకు మనం చెప్పుకోకపోతే ఎవరు చెప్తారు? పై మూలన మా వార్డు నాయకుడు నమస్కారం పెడుతుంటాడు. మేము పోతున్నట్టు ఆయనకు తెలియదు. కానీ ఫ్లెక్సీ షాపు కంప్యూటర్లో ఆయన ఫొటో ఎప్పుడూ తెరిచే ఉంటుందట, పడిపోయింది. వెనకాల మంచుకొండ కావాలన్నాం. షాపు పిల్లగాడు నెట్‌లో వెతికి స్విట్జర్లాండ్ ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ కొండను పెట్టాడు. రెండు ప్రింట్లు తీయించాం. ఒకటి చౌరస్తాకు, ఇంకొకటి పైపులో చుట్టి హిమాలయాలకు.

గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి సునౌలీ. బార్డర్ నడిచే దాటొచ్చు, మనకు వీసా కూడా అక్కర్లేదు. మాలో ఒకడికి ఇది నచ్చలేదు. పాస్‌పోర్టు మీద ముద్ర గుద్దమని అక్కడి ఆఫీసరును బతిమాలాడు. ఓటరు కార్డు చాలని ఆయన, ముద్ర లేకపోతే ఊళ్లో ఎవడు నమ్ముతాడని వీడు. చివరికి వాచీలు 15 నిమిషాలు ముందుకు తిప్పుకొని, ఫారిన్ వచ్చేశామని తృప్తిపడ్డాం.

ఘోరేపానీ అనే కొండ ఊళ్లో రాత్రి పడుకొని, నాలుగింటికే టార్చిలైట్లతో పూన్ హిల్ ఎక్కాం. 3,210 మీటర్లు. చలికి చచ్చిపోతాయని కెమెరా బ్యాటరీలను బనీనులో దాచుకున్నాను. మా బావమరిది దగ్గర అడిగి తెచ్చిన లెన్సు బిగించి, ట్రైపాడ్ నిలబెట్టాను. మంచును చూస్తే కెమెరా మోసపోయి బూడిద రంగు చేస్తుంది, అందుకని ఒక స్టాపు వెలుతురు ఎక్కువ పెట్టుకున్నాను. 8,167 మీటర్ల ధవళగిరి కొస మీద ముందు గోరంత ఎరుపు పడింది. అది మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే ఎనిమిది మంది వచ్చి నా లెన్సు ముందు ఫ్లెక్సీ విప్పారు.

గాలికి అది గుడారంలా ఉబ్బింది. ఇద్దరు అంచులు పట్టుకున్నారు. మూడోవాడు నాయకుడి మొహం ముడత పడకుండా అరచేత్తో సాఫు చేస్తున్నాడు. నాలుగోవాడు వీడియో కాల్‌లో ఇంటికి చూపిస్తుంటే, "అందరి ఫొటోలు పెద్దగ పడ్డయ్, మీదే చిన్నగ ఎందుకు పడ్డది? పైసలు తక్కువ ఇచ్చిన్రా?" అని వాళ్లావిడ నిలదీస్తోంది. అటు తిప్పితే వెలుగు వెనక నుంచి కొట్టి అక్షరాలు నల్లబడుతున్నాయి, ఇటు తిప్పితే గాలి లాగేస్తోంది. పక్కన ఎవరో విదేశీ జంట ఇదేదో మా పూజ అనుకుందేమో, టోపీలు తీసి నిలబడింది. "అరేయ్, వెనుక ఆ కొండ అడ్డమొస్తున్నది, ఫ్లెక్సీని జర ఇటు జరుపు!" అని ఒకడు అరిచాడు. జరిపారు. హిమాలయాలకు ఆల్ప్స్ అడ్డం పెట్టి పన్నెండు ఫొటోలు తీశాను. నాయకుడు బ్రహ్మాండంగా వచ్చాడు. ధవళగిరి తెల్లగా మాడిపోయింది.

ఫ్లెక్సీ చుట్టేశాక గైడు మచ్ఛపుచ్ఛ్రేను చూపించాడు. చేప తోకలా ఉంటుంది, 6,993 మీటర్లు. శివుడి కొండ అని దాన్ని ఎక్కనివ్వరు. 1957లో ఎక్కినవాళ్లు కూడా శిఖరం ఇంకో 150 అడుగులుందనగా ఆగి దిగిపోయారట. అది విని మాలో ఒకడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "కొండను ఎంత పావురంగ చూసుకుంటున్నర్రా వీళ్లు!" అన్నాడు. పావురమంటే మా దగ్గర ప్రేమ. ఫ్లెక్సీకీ, సగం ఖర్చుకూ పైసలు పెట్టింది ఆయనే. గ్రానైట్ వ్యాపారం.

ఆ మాటతో నాకు చలి పోయింది. పావురమా? చిన్నప్పుడు కరీంనగర్ బస్సు కిటికీలోంచి నేను లెక్కపెట్టిన గుట్టలేవి? డైమండ్ వైరుతో కోసి, దిమ్మెలు చేసి, పొట్ట మీద రంగుతో నంబర్లు రాసి, కాకినాడ రేవు నుంచి చైనాకు పంపించింది ఎవరు? సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి అది. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లే. మన గుట్ట పక్కన అవి పొత్తిళ్లలో పిల్లలు! అంత ముసలిదాన్ని కోసి 'టాన్ బ్రౌన్' అని పేరు పెట్టి వంటింటి గట్టుకు అమ్ముకున్నారు. క్వారీ బాంబులకు ఇంటి గోడలు నెర్రెలిచ్చినవాళ్లను అడగండి పావురం సంగతి. గుట్టల్లో ఉండాల్సిన ఎలుగుబంటి ఊళ్లోకొస్తే 'ఎలుగుబంటి హల్‌చల్' అని టీవీలో వేస్తారు, సిగ్గు లేకుండా. దాని ఇల్లు చైనా పోయిందిరా, అదెక్కడికి పోవాలి? ఒంటిరాయి పేరు మీద ఓరుగల్లు అని ఊరికి పేరు పెట్టుకున్నవాళ్లం మనం! మన గుట్టలకు పాస్‌పోర్టు లేదు, ముద్ర గొడవ లేదు. మాకంటే ఎంతో ముందే ఫారిన్ పోయాయి.

ఇవన్నీ ఆయన మొహం మీద అన్నానా? లేదు. వాపసు టికెట్లు ఆయన దగ్గరే ఉన్నాయి. పైగా టీ కూడా ఆయనే తాగించాడు.

పూన్ హిల్ ఎక్కి దిగిన ఫ్లెక్సీ ఇప్పుడు ఆయన క్వారీలో వాచ్‌మన్ గుడిసె మీద కప్పి ఉంది. మొన్న వానలో అటు పోతూ చూశాను. నాయకుడు తడుస్తూనే నమస్కారం పెడుతున్నాడు. మాటర్‌హార్న్ మీది నుంచి నీళ్లు కారి మా తొమ్మిది మొహాల మీద పడుతున్నాయి. ఆగి ఒక ఫొటో తీశాను. వెనకాల గుట్ట ఉన్న చోట నీళ్లు నిండిన గుంత. ఫ్లెక్సీ నిండుగా వచ్చింది, కొండేదీ అడ్డం రాలేదు.