బెత్తం పట్టిన చేత్తోనే బిస్కట్లు

కుటుంబ విలువలు అడుగంటిపోయాయన్న ప్రకటన విశాఖలో రోజూ పొద్దున్న ఆరింటికి, ఆర్కే బీచ్‌లో వాకింగ్ ముగిసే వేళకి వెలువడుతుంది. ప్రకటించేది అరవై అయిదు దాటిన పెద్దలు. మూలకారణం కూడా అక్కడికక్కడే తేల్చేస్తారు: ఈకాలం తల్లిదండ్రులకి పిల్లలంటే భయం. నిజమే. అయితే ఆ పెద్దాయన ఎనిమిదింటికి మధురవాడలో కొడుకు ఫ్లాటుకి చేరాక చేసే పనులు కూడా రికార్డుకెక్కాలి.

1990ల్లో స్టీల్ ప్లాంటు వాళ్ల ఉక్కునగరం క్వార్టర్లో ఆయన పద్ధతికి వివరణ అక్కర్లేదు. రాత్రంతా చేసే సి షిఫ్టు దిగి పడుకుంటే మధ్యాహ్నం దాకా కుక్కరు కూడా విజిల్ వెయ్యడానికి జంకేది. ఇరవయ్యో ఎక్కం తడబడితే వీపు విమానం మోత. ప్రోగ్రెస్ కార్డు మీద పడాల్సిన సంతకం ముందు చెంప మీద పడేది. అప్పీలు అమ్మ దగ్గర. ఆవిడ తీర్పు ఎప్పుడూ ఒకటే: "నాన్నగార్ని అడుగు."

ఆ చెయ్యే ఇప్పుడు మూడేళ్ల మనవడికి పొద్దున్నే క్రీమ్ బిస్కట్లు అందిస్తోంది. వాడు క్రీము నాకేసి మిగతాది సోఫా సందులో కుక్కితే, "పోన్లెండర్రా, చిన్న గుంటడు." 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లల్ని కొట్టడం నిషేధించి చదువులు చట్టుబండలు చేసిందని బీచ్‌లో వాపోయేదీ ఈయనే, ప్లేస్కూలు టీచరు మనవడి మీద గొంతు పెంచిందని తెలిస్తే అందరికన్నా ముందు ప్రిన్సిపాల్ గది ముందు నిలబడేదీ ఈయనే.

ముప్పై అయిదేళ్ల వయసు వర్గం, అంటే కొడుకూ కోడలూ, వాళ్ల పాలన లిఖితపూర్వకం. రెండేళ్లలోపు స్క్రీన్ వద్దే వద్దు, రెండు నుంచి అయిదేళ్ల దాకా రోజుకి గంట మించొద్దు అంది ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్. ఆ కాగితం ఫ్రిజ్‌కి అతికించి ఉంటుంది. ఫ్రిజ్‌కి ఎదురుగా, గ్లాసుకి ఆనించి, ఫోను. వీడియో పెడితేగానీ తినడట. వాడు తినడు, నోరు తెరుస్తాడంతే. నాలుగో ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటాడు. కళ్లు బొమ్మ మీద ఉన్నాయి కనక కడుపు నిండిందో లేదో వాడికే తెలీదు. ఫోను లాక్కుంటే ముద్ద అప్పుడే బయటికొస్తుంది, లాక్కోకపోతే ఏడో ముద్దని తోడు తెచ్చుకుని వస్తుంది. ఇలా ముప్పావుగంట. కాగితం మీది గంటలో ఇక మిగిలింది పావుగంట, రాత్రి భోజనం ఇంకా ఉంది.

శిక్ష పేరు టైమవుట్. ఏడాదికి నిమిషం లెక్కన మూడేళ్లవాడికి మూడు నిమిషాలు గోడవార కుర్చీ, ఎవరూ పలకరించకూడదు. ఇంటిల్లిపాదీ కట్టుబడితేనే పనిచేస్తుంది. నలభయ్యో సెకనులో మామ్మ వంటింట్లోంచి వచ్చి వాణ్ణి చంకనేసుకుపోతుంది. శిక్ష ఎంతసేపన్నది చేసిన తప్పుని బట్టి కాదు, కుర్చీకీ వంటింటికీ ఉన్న దూరాన్ని బట్టి అని వాడు నేర్చుకుంటాడు.

మామ్మని తీసిపారేయడానికి లేదు. రాగిపిండి ముందు చన్నీళ్లలో జారుగా కలుపుకుని, తర్వాత మరిగే నీళ్లలో పోసి తిప్పాలి, నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. ఈ సంగతి కోడలు మూడు వీడియోలు చూసి తెలుసుకునేలోపు ఆవిడ జావ కాచి గిన్నె కూడా తోమేసింది. ఏడాది నిండని పసిపిల్లకి తేనె నాకిస్తానంటే మాత్రం కోడలి పక్షమే. తేనెలో బొటులిజం (కండరాల్ని చచ్చుబడేలా చేసే జబ్బు) తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, పసిపేగు వాటిని అడ్డుకోలేదు. ఇక్కడ వెటకారం చెల్లదు.

రుషికొండ ఐటీ కొండ మీద పనిచేసే ఇరవై అయిదేళ్ల బాబాయి ఒకడున్నాడు. పెంపకం మీద ఇంట్లో అందరికన్నా కచ్చితమైన అభిప్రాయాలు ఇతనివే. పెళ్లి కాకపోవడం వల్ల వచ్చిన స్పష్టత అది.

ఇన్ని ప్రభుత్వాల కింద బతుకుతున్నా మనవడికి ఎక్కడా తికమక లేదు. కింద కిరాణా కొట్లో చాక్లెట్ కావాలంటే అమ్మని అడగడు, పంచదార మీద పాఠం వినాలి. నాన్నని అడగడు, ఆయన అమ్మ మొహం చూస్తాడు. తిన్నగా వెళ్లి తాతయ్య లుంగీ లాగుతాడు. కొడుక్కి ఒళ్లు మండి, "ఇదే నేనడిగితే ఏమిచ్చేవారో గుర్తుందా నాన్నా?" అంటే పెద్దాయన చిల్లర లెక్కపెట్టుకుంటూనే అంటాడు: "నీ మార్కులు నా మెడకి చుట్టుకునేవిరా. వీడివి నీ మెడకి."