మళ్లీ షార్ట్ సర్క్యూటేనా?

ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ కాలినా, రోడ్డు పనుల దగ్గర ఎక్స్‌కవేటర్ తగలబడినా మర్నాడు పేపర్లో వచ్చే వాక్యం ఒక్కటే. షార్ట్ సర్క్యూట్ వల్ల మంటలు చెలరేగినట్లు ప్రాథమికంగా తెలుస్తోంది. మేమూ ఎన్నోసార్లు రాశాం. బండి ఇంకా పొగలు కక్కుతుండగానే ఆ సంగతి ఎవరికి, ఎలా తెలిసిందని అడగలేదు. ఆ తర్వాత అసలు కారణం ఏమని తేలిందో వెళ్లి కనుక్కున్నదీ తక్కువే.

షార్ట్ సర్క్యూట్ అసలు జరగదని కాదు. వైరు తొడుగు రాపిడికి అరిగి, లోపలి తీగ చాసిస్‌కు తగిలి రవ్వలు రావడం ఏ ఆటో ఎలక్ట్రీషియన్‌కైనా తెలిసిందే. కానీ మంట వేరేచోట పుట్టి వైరింగ్ దాకా పాకినా అదే జరుగుతుంది. తొడుగు కాలిపోతుంది, బ్యాటరీ కనెక్షన్ ఉన్నంతసేపు తీగలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతాయి. రెండింట్లోనూ రాగి తీగ కొసన చిన్న పూస కడుతుంది. దాన్ని చూసి కారణం దొరికిందనుకోవడం, పొగ కనబడ్డ చోటే పొయ్యి ఉందనుకోవడం లాంటిది. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అల్యూమినియం 660కే. అందుకే చేయితిరిగిన దర్యాప్తు నిపుణుడు కరిగిన అల్యూమినియం ముద్దలను చూసి హడావుడి పడడు. పూస ఎక్కడ కట్టింది, దాని పక్కన తీగ శుభ్రంగా ఉందా లేక బారుగా కరిగిందా, ఏ ఫ్యూజు పోయింది, బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఆన్‌లో ఉందా అని చూసుకుంటూ మంట నడిచిన దారిలో వెనక్కి వెళ్తాడు.

ఆ దారి చాలాసార్లు ఇంజిన్ గదికే తీసుకెళ్తుంది. పెద్ద ఎక్స్‌కవేటర్ పనిచేసేటప్పుడు హైడ్రాలిక్ హోసుల్లో ఒత్తిడి 300 బార్లు, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు మూడు వందల రెట్లు, దాటుతుంది. హోసు బ్రాకెట్‌కు రాసుకుని రాసుకుని సూది బెజ్జమంత చిల్లు పడితే ఆయిల్ కారదు, తుంపరలా చిమ్ముతుంది. లోడు మీదున్న ఇంజిన్ టర్బో ఐదారు వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. తుంపర దానిమీద పడితే నిప్పురవ్వ కూడా అక్కర్లేదు. రామగుండం, మణుగూరు లాంటి చోట్ల ఇంజిన్ చుట్టూ ఆయిల్ జిడ్డుకు అంటుకున్న బొగ్గుపొడి మిగతా పని చూసుకుంటుంది. కోతల కాలంలో హార్వెస్టర్లు కాలడంలోనూ తరచూ ఇదే వరస, బొగ్గుపొడికి బదులు ఎండుగడ్డి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. షార్ట్ సర్క్యూట్ అనేస్తే ఎవరి పేరూ బయటికి రాదు. హోసు అన్నామంటే, దాన్ని ఎప్పుడు మార్చాలి, ఎవరు మార్చలేదు, ఆయిల్ లీకవుతోందని ఆపరేటర్ లాగ్‌బుక్‌లో రాస్తే దాని మీద ఎవరు సంతకం పెట్టి ఊరుకున్నారు అని ప్రశ్నలు వస్తాయి. కాబట్టి బండి కాలిన రోజున ముందు స్వాధీనం చేసుకోవాల్సింది లాగ్‌బుక్కును, వర్క్‌షాప్ జాబ్‌కార్డులను. కాలిన ఇనుము ఎక్కడికీ పోదు, కాగితాలు పోతాయి.

నిజానికి ఇనుమూ పోతుంది. కాలిన బండి కాకుండా విరిగిన, కూలిన యంత్రం సంగతి చూడండి. విరిగిన షాఫ్టు ముఖం మీద ఒడ్డున అలలు వదిలిన గీతల్లాంటి చారలుంటే, పగులు రోజుల తరబడి కొంచెం కొంచెంగా పెరిగిందని అర్థం. అవి లేకుండా ఒక్కసారిగా విరిగితే ఓవర్‌లోడు అయ్యుండొచ్చు. మొదటిది తనిఖీలో దొరకాల్సిన లోపం, రెండోది ఆ రోజు జరిగిన తప్పు. ఈ తేడా చెప్పే ముఖాన్ని నీళ్లతో కడిగినా, రెండు ముక్కలనూ పట్టి అతికించి చూసినా, వానకు వదిలేసినా చెరిగిపోతుంది. మనుషులను బయటికి తీయడానికి గ్యాస్ కట్టర్ వాడక తప్పదు. వాళ్లను తీశాక, దారి క్లియర్ చేయడానికి అదే కట్టర్‌తో శకలాలను ముక్కలు చేయడమే అభ్యంతరం.

2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్ లోడ్ టెస్టు జరుగుతుండగా కూలి 11 మంది చనిపోయారు. అదే నెల 20న రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి 9 మంది ప్రాణాలు పోయాయి. ఒకచోట కమిటీలు వేశారు, మరోచోట సీఐడీకి అప్పగించారు. ఆ వార్తలు మొదటి పేజీలో వచ్చాయి. ఆ దర్యాప్తుల్లో తేలింది ఎంతమంది క్రేన్ ఆపరేటర్లకు, ఎంతమంది షిఫ్టు ఇంజినీర్లకు వాళ్ల భాషలో చేరింది? బీమా సర్వేయర్ రిపోర్టు క్లెయిమ్ కోసం రాసేది. పక్క గనిలో అదే మోడల్ బండి నడుపుతున్న మనిషి కోసం రాసేవాళ్లు కావాలి.

చట్టంలోనూ ఒక సందు ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 176(3) ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లి తీరాలి. దీన్ని అమలు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. యంత్రం కింద మనిషి చనిపోతే మామూలుగా పెట్టేది నిర్లక్ష్యం వల్ల మరణం కేసు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద దానికి గరిష్ఠ శిక్ష ఐదేళ్లే. అంటే నిపుణులు తప్పనిసరిగా రావాల్సిన జాబితాలో ఈ చావు లేదు. ఇలాంటి కేసులకూ నిపుణుణ్ని పంపాలని తెలుగు రాష్ట్రాలు రెండూ ఉత్తర్వులివ్వొచ్చు. రామంతపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబు ఉంది, లోహాల పగుళ్లు పరీక్షించే పరిశోధన సంస్థలు దేశంలో ఉన్నాయి. అడిగేవాళ్లే కరవు.

కారణం తేలలేదని రాయడానికీ దర్యాప్తు అధికారి వెనకాడకూడదు. ఏదో ఒకటి రాయాలన్న తొందరలోంచే ఈ షార్ట్ సర్క్యూట్ వచ్చి కూర్చుంటోంది. మా విలేకరులకు కూడా ఇదే చెబుతున్నాం. చూసింది రాయండి, మంట ఎక్కడ మొదలైందో తెలియకపోతే తెలియలేదని రాయండి.

ఇక ఆ ఉత్తర్వులు వచ్చేలోగా, సింగరేణిగానీ బొగ్గు మీది మట్టిని తొలగించే ఓబీ కాంట్రాక్టర్లుగానీ క్రేన్ల యజమానులుగానీ పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. కాలిన బండిని తుక్కుకు పంపే ఫైలు మీద ఇంకో సంతకం అడగాలి. పరీక్షలన్నీ అయ్యాయి, ఇక దీంతో పనిలేదని దర్యాప్తు చేసినవాళ్లు రాసిచ్చేదాకా ఆ బండి యార్డులో, టార్పాలిన్ కిందే ఉండాలి.