పిల్లలమర్రి మ్యూజియంలో పురుగులకూ ఒక గది ఇవ్వండి

2018లో పాలమూరు పిల్లలమర్రికి సెలైన్ ఎక్కించిన ఫొటోలు చూసే ఉంటారు. చెదలు తొలిచేస్తుంటే పురుగుమందును నీళ్లలో పలచగా కలిపి, సీసాలు వేలాడదీసి, చుక్క చుక్కగా కొమ్మల్లోకి వదిలారు. చెట్టు తేరుకుంది, సంతోషం. కానీ ఆ కథలో పురుగు విలన్‌గానే మిగిలిపోయింది. నా పేచీ అక్కడే.

ఒక మర్రికాయ తెంపి మధ్యకు విరవండి. పూయదనుకునే చెట్టుకు పూలన్నీ ఆ కాయ లోపలే ఉంటాయి. వాటికి పుప్పొడి చేర్చేది నలుసంత కందిరీగ. కాయ కొసనున్న సన్నని రంధ్రంలో ఆడది దూరుతుంటే రెక్కలు ఊడిపోతాయి. తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, కొన్నింటిలో గుడ్లు పెట్టి, అక్కడే చస్తుంది. పుట్టే మగవాటికి రెక్కలే ఉండవు. జతకట్టి, ఆడవాటికి బయటికి దారి తొలిచి ప్రాణం వదులుతాయి. ఆ ఆడవి పుప్పొడి మోసుకుని ఇంకో మర్రిని వెతుక్కుంటూ పోతాయి. ఈ కందిరీగ లేకుంటే మర్రికి విత్తనం లేదు. మేడిదీ ఇదే కథ. పొట్టలో పురుగులున్నాయని మనం ఆ పండును కపటానికి పోలిక చేసి కూర్చున్నాం!

ఈ ముచ్చట చెప్పడానికి ఆ చెట్టు పక్కనున్న మ్యూజియం కంటే మంచి చోటు ఏముంది? ఇప్పుడక్కడ రాతి శిల్పాలున్నాయి, ఉండనివ్వండి. పక్కన ఒక గదిలో బతికున్న పురుగులు, వాటి సైన్సు, వాటితో ముడిపడిన కళ కలిపి పెట్టండి. న్యూయార్క్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియం 2023లో ఆకులు కత్తిరించే చీమల పుట్టనే అద్దాల వెనక నిలబెట్టింది. అంత దూరమెందుకు, కోయంబత్తూరు వ్యవసాయ యూనివర్సిటీ 2018లోనే కీటకాల మ్యూజియం తెరిచింది. మనకు సరుకు తక్కువా? సీతాఫలం పువ్వులో దూరే చిన్న పెంకుపురుగులు లేకుంటే పాలమూరు గుట్టల్లో కాయ నిలవదు. పోచంపల్లి మగ్గం పక్కనే పట్టుపురుగును పెట్టొచ్చు. అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి మనం పెంచిన జీరంగి లాంటి పురుగుల రెక్కల పెంకులనే ఒకప్పుడు బట్టల మీద కుట్టి మెరిపించారు. మృగశిర వానకు వచ్చే ఆరుద్ర పురుగునూ పెట్టండి. ఎనిమిది కాళ్లది కాబట్టి లెక్కప్రకారం కీటకం కాదు, అయినా పిల్లలు ఊరుకోరు.

బతికున్నవాటిని డబ్బాల్లో పెట్టడం హింస కాదా, బడికి బాత్రూమ్ లేని చోట పురుగులకు గదా అంటారు. బాత్రూమ్ కట్టాల్సిందే, అది ఈ గది ఆపిన పని కాదు. హింస మాటకొస్తే, పట్టుగూళ్లను పురుగుతో సహా ఉడకబెట్టే సంగతి తెలిసీ చీర కొంటున్నాం.

అసలు బాధ వేరు. మన జిల్లాల్లో రైతుకు పురుగు గురించి చెప్పే మాస్టారు మందుల షాపువాడే. 2002లో కాయతొలిచే పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తి వచ్చింది, ఇక పురుగు బెడద లేదన్నారు. గులాబీ రంగు పురుగు దానికీ అలవాటుపడింది. డబ్బాలు మారాయి, అప్పులు పెరిగాయి. పేపర్లో 'పురుగుమందు' అన్న మాట ఏ వార్తలో కనబడుతుందో చెప్పక్కర్లేదు.

నల్గొండ దగ్గర మా తమ్ముడి వరసైన ఒకతను పత్తి ఆకు తెంపి చూపించాడు. నల్లగా, బుల్లి మొసలిలా ఉన్న పురుగు. "అన్నా, ఇదేదో కొత్తది. దీనికేం కొట్టాలె?" అన్నాడు. అది అక్షింతల పురుగు పిల్ల, పత్తి రసం పీల్చే పేనుబంకను ఒక్కొక్కటే తింటోంది. ఆ మాటే చెప్పాను. అప్పటికే పంపులో మందు కలిపి ఉంది.