జీఆర్‌ఎన్ లేని బిల్లు

బ్రిటన్ యూనివర్సిటీల పెద్ద మనసు గురించి ఎవరూ సరిగా రాయడం లేదు. ఆ లోటు నేను తీరుస్తాను. ఇంగ్లాండులో స్థానిక విద్యార్థి ఏడాది ఫీజు 2017 నుంచి 2025 దాకా 9,250 పౌండ్లకు మించకూడదన్నారు. డిగ్రీ మధ్యలో ఏడాది పాటు కంపెనీలో పనిచేసే ప్లేస్‌మెంట్ సంవత్సరానికైతే అందులో 20 శాతమే గరిష్ఠం. అంటే 1,850 పౌండ్లు. మా యూనివర్సిటీ ఆ గీత దాటలేదు. సరిగ్గా దాని మీదే నిలబడింది. ఆ ఏడాది నాకు క్లాసు లేదు, పరీక్ష లేదు, నేనున్న ఊరే వేరు. నేను రాకపోయినందుకు 1,850 పౌండ్లు. దాన్ని 'తగ్గించిన ఫీజు' అని మెయిల్లో రాశారు, నేను కృతజ్ఞత మరిచిపోతానేమోనని.

ఇంకే విద్యార్థి అయినా ఈ బిల్లు చూసి ఊరుకునేవాడేమో. యూనివర్సిటీ దురదృష్టం కొద్దీ ప్లేస్‌మెంట్‌కి నేను చేరింది ఒక కంపెనీ ఫైనాన్స్‌ విభాగంలో, అందులోనూ అకౌంట్స్ పేయబుల్‌లో. సప్లయర్లు పంపే బిల్లులు పట్టి చూసి, కట్టాలో వద్దో తేల్చే సెక్షన్ అది. అక్కడ కూర్చోబెట్టి నాకు నేర్పిన విద్య ఒక్కటే, ఎవరైనా అడిగారు కదా అని డబ్బు ఇచ్చేయకపోవడం.

దీన్ని త్రీ-వే మ్యాచ్ అంటారు. మనం ఏం కావాలన్నామో చెప్పే పర్చేజ్ ఆర్డర్ ఒకటి. అది నిజంగా మన చేతికి వచ్చిందని చెప్పే గూడ్స్ రిసీవ్డ్ నోట్, అంటే జీఆర్‌ఎన్, రెండోది. వాళ్లు పంపిన ఇన్‌వాయిస్ మూడోది. మూడూ కలిస్తేనే పేమెంట్. ఎక్కడ తేడా కొట్టినా బిల్లు హోల్డ్‌లో పడుతుంది. ఒకసారి 12 ప్రింటర్ టోనర్లు ఆర్డరిస్తే జీఆర్‌ఎన్‌లో 11 అని ఉంది, బిల్లు మాత్రం పన్నెండుకీ వచ్చింది. ఆ ఒక్క టోనర్ కోసం నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు అచ్చు వేస్తే ఒక సంపుటం అవుతుంది. సప్లయర్ తరఫు ఆవిడ ఫోన్లో బతిమాలింది, మిగతా పదకొండింటి డబ్బయినా పంపమంది. మా మేనేజర్ చలించలేదు. "క్రెడిట్ నోట్ రానీ, అప్పుడు చూద్దాం" అన్నాడు. అంటే రాని టోనర్ డబ్బు బిల్లులోంచి తగ్గించామని సప్లయర్ ఇచ్చే కాగితం. ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను క్యాంపస్‌లో ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఈ మాట వ్యంగ్యం కాదు.

ఆ కళ్లతోనే యూనివర్సిటీ బిల్లు తెరిచాను. పర్చేజ్ ఆర్డర్ ఉంది, రిజిస్ట్రేషన్ ఫారంలో నేను టిక్కు పెట్టాను కాబట్టి కాదనలేను. ఇన్‌వాయిస్ ఉంది, అది ఎప్పుడూ ఉంటుంది. జీఆర్‌ఎన్ ఏదీ? నాకు అందిన సరుకేమిటి?

వినయంగా మెయిల్ రాశాను. ప్లేస్‌మెంట్ కాలమంతా యూనివర్సిటీ 'నిరంతర సహకారం' అందిస్తుందని జవాబు వచ్చింది. నిరంతర సహకారం ఎన్ని యూనిట్లు, యూనిట్ ధర ఎంత అని మళ్లీ రాశాను. ఈసారి నా మెయిల్ ఇంకో టీమ్‌కి వెళ్లింది. ఆ టీమ్ నుంచి క్షణంలో ఆటోమేటిక్ జవాబు వచ్చింది, మీ మెయిల్ మాకు అందినది అని. చూశారా, అందినట్టు కాగితం ఇవ్వడం వాళ్లకూ చేతనవును.

పూర్తిగా ఏమీ అందలేదంటే కళ్లు పోతాయి. ఒక వీడియో కాల్ అందింది. దాని పేరు ప్లేస్‌మెంట్ విజిట్. ఎవరూ ఎక్కడికీ కదలని విజిట్. ట్యూటర్‌గారు మార్కెటింగ్ విభాగం నుంచి వచ్చారు, అకౌంట్స్ వాళ్లెవరికీ తీరిక లేదేమో. మొదట కాసేపు మ్యూట్‌లో ఉండి ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు. మ్యూట్ తీశాక నా ఇంటిపేరుతో కుస్తీ పట్టి, ఓడిపోయి, ఫారంలోకి దిగారు.

"ఫైర్ ఎగ్జిట్ ఎక్కడుందో తెలుసా?"

తెలుసన్నాను. టిక్కు.

"మీ మేనేజర్ మీకు సమయం ఇస్తున్నారా?"

మేనేజర్ నా పక్కనే కూర్చుని ఉన్నాడు. ఇస్తున్నారన్నాను. టిక్కు.

"మీరు ఎదుర్కొన్న ఒక సవాలు గురించి చెప్పండి."

టోనర్ల కథ మొత్తం చెప్పాను. ఆయన టైప్ చేసుకుంటూ పైకి చదివారు, "సప్లయర్లతో చక్కటి సంబంధాలు పెంచుకున్నాడు."

చివర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఉంది, ఈ కాల్‌కి జీఆర్‌ఎన్ ఎవరిస్తారు అన్నాను. మేనేజర్‌కి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. ట్యూటర్‌గారు హ్యాండ్‌బుక్‌లో ఉండొచ్చన్నారు. ఉండదని చెప్పి, అసలు జీఆర్‌ఎన్ అంటే ఏమిటో వివరించాను. ఆయన నిజంగానే ఆసక్తిగా విన్నారు. సేవలకి కూడా జీఆర్‌ఎన్ ఉంటుందా అని అడిగారు. ఉంటుంది, పని పూర్తయిందని అందుకున్నవాళ్లు ఒప్పుకోవాలి అన్నాను. భలే ఉందే అన్నారు. ఓ రెండు మాటలు కాగితం మీద రాసుకున్నారు కూడా. నా ఆ ఏడాది యూనివర్సిటీ చదువులో జరిగిన పాఠం అదొక్కటే. చెప్పింది నేను, విన్నది ఆయన. బిల్లు ఎవరు ఎవరికి పంపాలో మీరే తేల్చండి.

ఇక 'నేను ఎలా ఎదిగాను' అని రాసి అప్‌లోడ్ చేసే డైరీ ఒకటుంది. దాన్ని ఎవరూ చదవరని రాసేవాళ్లకి తెలుసు, అందుకే బాగా రాస్తారు.

సరే, నియమం ప్రకారం బిల్లు హోల్డ్‌లో పెడదామనుకున్నాను. ఆ బటన్ నా దగ్గర లేదు. ఫీజు లోన్ తీసుకుంటే, ప్రభుత్వం తరఫున విద్యార్థులకి అప్పులిచ్చే స్టూడెంట్ లోన్స్ కంపెనీ డబ్బు నేరుగా యూనివర్సిటీకే పంపుతుంది. ఏడాదిలో మూడు వాయిదాలు, 25 శాతం, 25 శాతం, 50 శాతం. మా ఆఫీసులో 11 టోనర్ల డబ్బు కదలాలంటే ఇద్దరు సంతకం పెట్టాలి. 30 ఏళ్లు నన్ను వెంటాడే అప్పు కదలడానికి నేను క్యాంపస్ ముఖం చూడక్కర్లేదు. నాలాగా 2023 ఆగస్టుకి ముందు చేరినవాళ్లకి చదువు సాగినన్నాళ్లూ దాని మీద వడ్డీ, ధరల పెరుగుదల రేటుకి ఇంకో 3 శాతం దాకా కలిపి. నేను రాని క్లాసుల మీద వడ్డీ.

అయినా నాకు జీతం వచ్చింది కాబట్టి ఇలా నవ్వుతూ రాస్తున్నాను. ఇదే డిగ్రీలో ఇంకో కంపెనీకి వెళ్లి రూపాయి, అదే, పెన్నీ రాకుండా పనిచేసినవాళ్లు ఉన్నారు. చట్టం ఒప్పుకుంటుంది. బ్రిటన్‌లో కోర్సులో భాగంగా చేసే ప్లేస్‌మెంట్ ఏడాది దాటకపోతే కనీస వేతనం ఇవ్వక్కర్లేదు, 2015 నాటి నిబంధనల్లోనే ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసిన పిల్లకి కంపెనీ ఏమీ ఇవ్వదు, యూనివర్సిటీ మాత్రం ఆ పిల్ల దగ్గర తీసుకుంటుంది.

మన ఊళ్ల నుంచి ఎమ్మెస్సీకి వచ్చేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. వాళ్లకి ఆ 20 శాతం గీత కూడా లేదు, విదేశీ విద్యార్థి దగ్గర ఎంత తీసుకోవాలన్నది యూనివర్సిటీ ఇష్టం. బ్రోషర్ మీద 'విత్ ప్లేస్‌మెంట్ ఇయర్' అని పెద్ద అక్షరాలు. ప్లేస్‌మెంట్ ఎవరికి వారే వెతుక్కోవాలి, దొరక్కపోతే అది లేని కోర్సులోకి మార్చేస్తాం అన్నది ఎక్కడో కింద. నాతో ఇల్లు పంచుకున్న కుర్రాడు ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి వచ్చాడు. రాత్రిళ్లు అప్లికేషన్లు పెట్టేవాడు. వీసా మాట రాగానే కంపెనీలు మర్యాదగా తప్పుకునేవి. యూనివర్సిటీ చేసిన సాయం ఏమిటంటే సీవీ వర్క్‌షాప్! వాడి సీవీలో లోపం లేదు. వాడికి అమ్మిన సరుకే మీ దగ్గర లేదు. లేని సరుకు బొమ్మ వేసి అమ్మితే బజార్లో చొక్కా పట్టుకుంటారు, ఇక్కడ కాన్వొకేషన్‌లో గౌను తొడుగుతారు. ఆ కుర్రాడు వాళ్ల నాన్నకి ఫోన్లో ఏం చెప్పాలో తెలియక వంటింట్లో అటూ ఇటూ తిరగడం నేను చూశాను. సిగ్గుండాలి.

మొన్న యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. ఓపెన్ డేకి కొత్త విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు వస్తున్నారట. ప్లేస్‌మెంట్ సంవత్సరం నా జీవితాన్ని ఎలా మార్చిందో వేదిక మీద ఓ పావుగంట చెప్పాలట. పారితోషికం ఏమీ ఉండదు గానీ మంచి అనుభవం అన్నారు. పర్చేజ్ ఆర్డర్ నంబర్ పంపమని రాశాను.