పావు గ్రాము తూచే కాటా ఎక్కడుంది?

అల్లం వెల్లుల్లి పేస్టు తయారీ కేంద్రంపై దాడి అనే వార్త హైదరాబాద్‌కు కొత్త కాదు. మర్నాటికల్లా వాట్సాప్‌లో మొదలవుతుంది: ప్రిజర్వేటివ్ అంటే విషం, నిషేధించాలి. పచ్చళ్లు, పేస్టులు పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్ పొడి సోడియం బెంజోయేట్‌ను నిషేధిస్తే ఒరిగేదేమీ లేదంటాను. దాన్ని వేసేవాళ్ల దగ్గర సరైన కాటా లేకపోవడమే అసలు జబ్బు.

పచ్చళ్లలో బెంజోయిక్ ఆమ్లం (బెంజోయేట్‌ను లెక్కగట్టేది ఈ పేరుతోనే) కిలోకు 250 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన నిబంధన. అంటే పావు గ్రాము. కూరగాయల కాటా మీద ముల్లు కూడా కదలదు. తలకొట్టిన టీస్పూన్ పొడి సుమారు పది కిలోల పచ్చడికి సరిపోతుంది. దాన్నే రెండు కిలోల జాడీలో గుమ్మరిస్తే ఐదింతలు!

పేస్టు సంగతి ఇంకా ఘోరం. బెంజోయేట్ పులుపులోనే పనిచేస్తుంది, పీహెచ్ (పులుపును చెప్పే అంకె, ఇది పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్టు) 4.5 దాటితే దాదాపు చేతులెత్తేస్తుంది. మామిడికాయకు పులుపుంది, నిమ్మకాయకుంది. అల్లం వెల్లుల్లికి ఏది? వెనిగరో సిట్రిక్ యాసిడో కలపకపోతే పేస్టు పాడవుతుంది. పాడైంది కదా అని తర్వాతి వాయికి ఇంకో చెంచా పడుతుంది. ఇక్కడ దురాశ కంటే తెలియకపోవడమే ఎక్కువ.

నిషేధం కోరేవారు పిల్లల్లో అతి చురుకుదనం పెరిగిందన్న 2007 నాటి సౌతాంప్టన్ అధ్యయనాన్ని చూపిస్తారు. అందులో పిల్లలకిచ్చింది రంగులూ బెంజోయేటూ కలిసిన పానీయం. తప్పు ఏ ఒక్కదానిదో అది తేల్చలేదు. పైగా 2021లో అంతర్జాతీయ నిపుణుల కమిటీ జేఈసీఎఫ్‌ఏ బెంజోయేట్ రోజువారీ పరిమితిని శరీర బరువు కిలోకు 5 నుంచి 20 మిల్లీగ్రాములకు పెంచింది.

'నో ప్రిజర్వేటివ్స్' అని రాసుకునే పచ్చళ్ల షాపులను చూస్తే నవ్వొస్తుంది. ఉప్పు చేసే పని మరేమిటి? బీపీ భయంతో ఉప్పు తగ్గించమనేది మనమే, జాడీ ఏడాది నిలవాలనేదీ మనమే. వెనకటి ఆవకాయ కంటి అంచనాతో పెట్టింది కాదు. ముక్కలు ఇన్ని మానికలైతే ఉప్పింత, ఆవపిండింత అని సోలతో, గిద్దెతో కొలిచి మరీ కలిపేవారు. 'చేతి కొలత' అని మురిసిపోవడం తర్వాత వచ్చిన ముచ్చట.

మన ప్రభుత్వాలకు దాడి చేయడం మీద ఉన్న మోజు నేర్పడం మీద లేదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, నాచారంలో ఆహార ప్రయోగశాల ఉంది. చిన్న తయారీదారుకు రిజిస్ట్రేషన్ కాగితంతో పాటు ఒక పూట శిక్షణ, పీహెచ్ చూసే కాగితం పట్టీలు, పావు గ్రాము తూచే బుల్లి కాటా ఇవ్వడానికి ఎంతవుతుంది? బేగంబజార్‌లో ఆ పొడి అమ్మే ప్యాకెట్ మీదే 'కిలోకు ఇంత' అని తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించండి, ముందు.