చప్పుడే పదునైతే డప్పుతో గీసుకోండి

ఈ వారంలో ఐదోసారి వచ్చింది ఆ మెసేజ్. "మంగలికత్తి పదును రహస్యాలు, ఏడు సూత్రాలు, తప్పక షేర్ చేయండి" అని. మొదట పంపినవాడికి దండం బొమ్మ పెట్టి ఊరుకున్నా. రెండోవాడికి "అది తప్పురా" అని చెప్పా. మూడోవాడు "తప్పైతే ఇంతమంది ఎందుకు పంపుతార్రా" అని నన్నే అడిగాడు. మిగతా ఇద్దరూ జన్మలో కత్తి పట్టినవాళ్లు కాదు, వాళ్లకి రాయేంటో తోలేంటో కూడా తెలీదు, అయినా పంపారు. సరే, ఒక్కసారి కూర్చుని మొత్తం రాసి పెట్టుకుంటా, ఇక ఎవరు పంపినా ఇదే వాళ్ల మొహాన కొడతా.

సూత్రం ఒకటి. "సహజమైన సానరాయి మీద నూరిన కత్తికి స్ట్రాప్ అక్కర్లేదు, ఆ రాయిలో ప్రాణం ఉంటుంది, తోలు మీద లాగితే ఆ ప్రాణం పోతుంది."

ప్రాణమట. స్ట్రాప్ అంటే రాయి మీద నూరాక కత్తిని లాగే పట్టీ, ఒకవైపు బట్ట, ఒకవైపు తోలు. ఇక రాయి సంగతి. బెల్జియం కోటిక్యూల్ రాయిలో ఉండేవి గార్నెట్ రేణువులు. ఆర్కాన్సా రాయి దాదాపు అంతా సిలికానే. తురింగియాది పలకరాయి. వీటిలో ఏదైనా చేసే పని ఒక్కటే, ఉక్కుని గీకడం. ఎంత నున్నటి రాయి మీద దించినా వాదర మీద, అంటే తెగే అంచు మీద, సన్నటి గీతలుంటాయి, చివర ఎక్కడో కంటికి కనపడని నూగు మిగులుతుంది, పైన రాతి బురద తడి. ఆ నూగు సంగతి చూసి వాదరని నున్నగా చెయ్యడమే బట్టా తోలూ చేసే పని, రాయి కొండలో పుట్టిందా ఫ్యాక్టరీలో పుట్టిందా అని తోలు అడగదు. పైగా సహజమైన రాయైతే ఇంకో జాగ్రత్త ఎక్కువ కావాలి, బురద పూర్తిగా కడిగి తుడవకుండా తోలెక్కిస్తే ఆ రేణువులు పోయి తోల్లో కూర్చుంటాయి, ఇక రోజూ మీరు స్ట్రాప్ మీద కాదు గరుకు కాయితం మీద లాగుతున్నట్టే.

అయితే ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా. ఈ మెసేజ్ మీద కోపంతోనే మొన్న ఒక పరీక్ష చేశా. కోటిక్యూల్ మీద, చివర్లో ఉత్త నీళ్లతో, బరువు అస్సలు వెయ్యకుండా దించి, కడిగి తుడిచి, స్ట్రాప్ చెయ్యకుండా కుడి చెంప గీశా. తర్వాత స్ట్రాప్ చేసి ఎడమ చెంప. కుడి చెంప మీద పీకుతుంది, రక్తం వస్తుంది, ఫోటో తీసి వీళ్లందరికీ పంపాలి అనుకున్నా. రాలేదు. గడ్డం శుభ్రంగానే దిగింది. "స్ట్రాప్ లేకపోతే గీయడమే కుదరదు" అని ఇన్నాళ్లూ అందరికీ చెప్తూ వచ్చా, అది తప్పే. కాకపోతే తర్వాత పటిక రుద్దినప్పుడు కుడి చెంప భగ్గుమంది, ఎడమ చెంప ఊ అనలేదు. అంటే గీయడం కుదురుతుంది, చర్మం ఒప్పుకోదు. ప్రాణం సంగతి మాత్రం పటికకి కూడా తెలీలేదు.

రెండు. "సహజమైన రాయి 30000 గ్రిట్‌తో సమానం." కాదు. గ్రిట్ నంబరు అంటే రాతిలో రేణువులు ఎంత సన్నవో చెప్పేది, అది రేణువుల్ని సైజు ప్రకారం వేరుచేసి తయారుచేసిన రాయికి ఉంటుంది. ఒకే గనిలోంచి వచ్చిన రెండు రాళ్లు కూడా ఒకలా పని చెయ్యవు.

మూడు. "ఇంట్లో ఉన్న ఏ బెల్టైనా చాలు." ఇంగ్లీషులో వేరు మాటలైనా తెలుగులో రాస్తే నడుముకి కట్టే స్ట్రాపూ కత్తి లాగే స్ట్రాపూ ఒకటే అయిపోతాయి, ఆ పాపం భాషదేమో. కుట్లు ఉన్న బెల్టు, పైన రంగు పూత ఉన్న బెల్టు, కత్తి పొడవులో సగం వెడల్పు కూడా లేని బెల్టు వద్దు. ఇంతకన్నా దీనిమీద టైం పెట్టను.

ఇక నాలుగు. మిగతా ఆరూ ఎవరో తెలిసీ తెలియక రాశారనుకుని వదిలెయ్యొచ్చు, ఇది మాత్రం కత్తులు పాడుచేస్తుంది. "పట్టీని కాస్త వదులుగా పట్టుకుని, కత్తిని గట్టిగా అదిమి, పటపటా శబ్దం వచ్చేలా వేగంగా లాగాలి. శబ్దం ఎంత గట్టిగా వస్తే పదును అంత ఎక్కువ."

చప్పుడే పదునైతే డప్పుతో గీసుకోవచ్చు కదా గడ్డం, కత్తెందుకు?

ఒక్కసారి ఆలోచించండి. గంటసేపు రాయి ముందు కూర్చుని, చెయ్యి బరువు తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ, చివరికి కత్తి సొంత బరువు మీద నడిపి తెచ్చుకున్న వాదర అది. దాని చివర మందం మైక్రోను కన్నా తక్కువ. తల వెంట్రుకే సుమారు 50 నుంచి 100 మైక్రోన్లు ఉంటుంది, గడ్డం వెంట్రుకైతే ఇంకా మొద్దు. అంత సన్నటిదాన్ని పట్టుకెళ్లి "గట్టిగా అదమండి" అంటాడేంటి? ఈ కత్తిలో వెన్ను, అంటే వాదరకి ఎదురుగా ఉండే మందపాటి అంచు, అదే గైడు. వెన్నూ వాదరా రెండూ ఒకేసారి ఆనుతాయి కాబట్టే 16, 17 డిగ్రీల కోణం దానంతటది కుదురుతోంది, మనం కొలిచే పని లేకుండా. పట్టీ వదులైతే కత్తి కింద కుంగుతుంది, కుంగిన తోలు వాదర దాటగానే పైకి లేస్తుంది, లేస్తూ లేస్తూ వాదర మొన మీదుగా ఒంపు తిరుగుతుంది. అంటే మీరు రాయి మీద ఒక కోణంలో నూరారు, ఇక్కడ దాని మొనని ఇంకో మొద్దు కోణంలో రుద్దుతున్నారు. బిగుతుగా ఉన్న పట్టీ మీద కూడా అదిమితే ఇంతే, తోలు మెత్తటిది కదా, నొక్కుకుపోయి వాదర వెనకాల లేస్తుంది. వదులూ అదమడమూ రెండూ కలిపితే ఇంక చెప్పక్కర్లేదు, 20 లాగులకి గంట పని గుండ్రంగా అయిపోతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

దీనికి తోడు వేగం. రాయి మీద వాదర ముందు నడుస్తుంది, తోలు మీద వెన్ను ముందు నడవాలి, చివరికొచ్చాక వెన్ను తోలుని వదలకుండా దాని మీదే కత్తిని తిప్పి వెనక్కి రావాలి. ఇంత పెద్ద మెసేజ్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు, పూల బొమ్మలు మాత్రం తొమ్మిదున్నాయి. వేగంగా లాగేవాడు తిప్పడం పూర్తవకముందే వెనక్కి లాగుతాడు, అప్పుడు వాదర తోల్లోకి దిగుతుంది, తోలుకో గాటు, కత్తికో నొక్కు, అదృష్టం బాగోకపోతే పట్టీ పట్టుకున్న వేలికి కూడా. చేతివాటం ఉన్నవాళ్లు పటపటా లాగడం చూసి ఉంటాడు ఈయన, ఆ వేగం ఏళ్ల తరబడి నెమ్మదిగా చేస్తే వచ్చింది, దాన్నే మొదటి పాఠం చేశాడు. పట్టీ బిగువుగా, వెన్ను లేవకుండా, చెయ్యి బరువు పడకుండా, బట్ట వైపు ఓ 20, 30, తోలు వైపు ఓ 50, 60. నత్తలా చేసినా నష్టం లేదు.

అయిదు. "పదును తగ్గితే ఆకుపచ్చ పేస్టు రాసి రోజూ 200 సార్లు లాగండి, ఇక రాయితో పని లేదు." ఇదే మనిషి ఒకటో సూత్రంలో తోలు తగిలితే రాయి ప్రాణం పోతుందన్నాడు, ఇక్కడికొచ్చేసరికి రాయే అక్కర్లేదంటున్నాడు. ఆ పేస్టు క్రోమియం ఆక్సైడ్, మామూలుగా అర మైక్రోను రేణువులు, అది ఉక్కుని నిజంగానే అరగదీస్తుంది. ఎప్పుడో వాదర నీరసించినప్పుడు దానికోసం వేరే పట్టీ పెట్టుకుని ఓ పది లాగులు వేస్తే మంచిదే, నేనూ వేస్తా. రోజూ 200 అంటే వాదర మెరుస్తూ మెరుస్తూ ఉబ్బుతుంది, ఆ తర్వాత రాయి మీద దాన్ని మళ్లీ చదును చేసుకోవడానికి ఆదివారమంతా పోతుంది.

ఆరు. "గీసుకున్నాక కత్తికి 48 గంటలు విశ్రాంతినివ్వాలి, ఉక్కు తనంతట తాను సర్దుకుంటుంది, వారానికి ఏడు కత్తుల పెట్టెలు అందుకే చేసేవారు." ఆ పెట్టెలు నిజం, కత్తుల మీద వారాల పేర్లు చెక్కి అమ్మేవారు, అందంగా కూడా ఉంటాయి. దాన్నిబట్టి కత్తి నిద్రపోతుందని ఎలా తేల్చాడో. 2020లో ఎంఐటీ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద వెంట్రుకలు కోయించి చూసి సైన్స్ పత్రికలో రాశారు. వాళ్లు చూసింది డిస్పోజబుల్ బ్లేడుల్ని, అయినా ఉక్కు ఉక్కే. వెంట్రుక ఉక్కు కన్నా సుమారు 50 రెట్లు మెత్తన, అయినా అది ఒంగి ఏటవాలుగా తగిలినచోట వాదర నుంచి చిన్న చిన్న పెచ్చులు లేస్తున్నాయి. లేచిన పెచ్చు 48 గంటల్లో వెతుక్కుంటూ వచ్చి అతుక్కుంటుందా? తోలు కూడా దాన్ని తిరిగి తేలేదు, దానికి రాయే దిక్కు. ఒకటి మాత్రం నిజం, పక్కన పెడితే కత్తి ఆరుతుంది, కార్బన్ ఉక్కుకి తడి శత్రువు. బట్టతో తుడిస్తే అదే పని రెండు నిమిషాల్లో అవుతుంది.

ఏడు. "స్ట్రాప్ లేకపోతే న్యూస్‌పేపర్ మడిచి దాని మీద లాగండి."

దీన్నే అన్నిటికన్నా ఎక్కువ వెక్కిరించా. ఇప్పుడు చెప్పక తప్పదు, మొదట్లో నేనూ ఆ నాలుగో సూత్రం లాంటిదే ఎక్కడో చూసి, అద్దం ముందు నిలబడి, పటపటలాడిస్తూ లాగా. మూడో రోజుకే తోలు మధ్యలో అడ్డంగా బొటనవేలంత గాటు. కొత్త పట్టీ వచ్చేదాకా రెండు వారాలు నున్నటి బల్ల మీద న్యూస్‌పేపర్ నాలుగు మడతలేసి, కదలకుండా అంటించి, దానిమీదే నెమ్మదిగా లాగి గీసుకున్నా. బాగానే తెగింది. చెప్పాలంటే ఆ రెండు వారాలూ పటిక కూడా మండలేదు.