"మనకు ఎండ కొత్తా?" అనే మాట ఇక ఆపండి

ఇప్పుడే ఒక ఫోటో చూశాను, అందుకే ఈ పోస్టు. ఇక్కడి అరిజోనా తెలుగు వాళ్ళ గ్రూపులో మధ్యాహ్నం ఒకబ్బాయి పెట్టాడు. వెనక ఎర్రటి కొండ గోడ, ముందు వాళ్ళ అమ్మా నాన్నా, కింద "మన పేరెంట్స్ స్ట్రాంగ్, అరిజోనా ఎండ కూడా ఏం చేయలేకపోయింది" అని రాసి రెండు కండల బొమ్మలు. సాయంత్రానికి రెండు వందల లైకులు దాటాయి. ఆ ఫోటోలో ఆ అమ్మ చేతిలో నీలం రంగు సీసా ఉంటుంది, చూడండి. అది నాది. అది ఆమె చేతికి ఎలా వచ్చిందో లైకు కొట్టిన వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. నాకు తెలుసు కాబట్టే రాత్రి పదయినా నిద్ర పట్టడం లేదు.

పొద్దున ఆరింటికి నేను పెరాల్టా ట్రెయిల్‌కి వెళ్ళాను. ఫీనిక్స్‌కి తూర్పున సూపర్‌స్టిషన్ కొండల్లో ఉంటుంది. లోయ పట్టుకుని ఎక్కుతూ పోతే రెండుంబావు మైళ్ళకి ఫ్రీమాంట్ శాడిల్ అనే కనుమ వస్తుంది. అక్కడ అడుగు పెట్టగానే ఎదురుగా వీవర్స్ నీడిల్ కనిపిస్తుంది, ఒంటరిగా నిటారుగా లేచి నిలబడ్డ రాతి స్తంభం. దూరం చూస్తే తక్కువే, కానీ 1,300 అడుగుల పైన ఎక్కాలి, దారి పొడవునా చుక్క నీళ్ళు దొరకవు, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవడానికి లేదు. మే నెల వచ్చిందంటే తొమ్మిది తర్వాత నేను ఆ దారిలో ఉండను. ఇవాళ పైన కాసేపు ఎక్కువ కూర్చున్నాను కాబట్టి దిగేటప్పటికి తొమ్మిదిన్నర అయ్యింది. లేకపోతే నేను వాళ్ళను చూసేదాన్నే కాదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు అవుతోంది.

ఒక బండరాయి పక్కన మూరెడు నీడ. అందులో ఇద్దరు పెద్దవాళ్ళు ఒదిగి కూర్చున్నారు. ఆమె చీరలో ఉన్నారు, కాళ్ళకి బజారుకి వేసుకునే చెప్పులు. ఆయన జేబురుమాలు నాలుగు మూలలా ముడేసి నెత్తిన పెట్టుకున్నారు. పక్కన అర లీటరు ప్లాస్టిక్ సీసా, ఖాళీ. "పిల్లలు ఏరమ్మా?" అని అడిగితే "అబ్బాయీ కోడలూ పైకి పోయారు తల్లీ, ఫోటోలు తీసుకుని వస్తామన్నారు" అన్నారామె. ఎంతసేపయ్యింది అంటే ముప్పావు గంట అట. నలుగురు మనుషులకి, పెద్దవాళ్ళకి ఒక సీసా, వాళ్ళకి ఒక సీసా. అంతే.

ఆమె చీర కుచ్చిళ్ళకి జంపింగ్ చోయా ముద్ద ఒకటి అంటుకుని ఉంది. ఇక్కడి ఎడారిలో ఉండేవాళ్ళకి తెలుసు, అది తాకీ తాకకముందే ఊడివచ్చి మనిషికి పట్టుకునే ముళ్ళ కాక్టస్. చేత్తో లాగితే చేతికి దిగుతుంది, దువ్వెన పెట్టి ఒక్క విసురుతో తీసేయాలి. ఆమె పాపం చేత్తోనే తీయబోయారు, చూపుడువేలికి, బొటనవేలికి మధ్యలో ఏడెనిమిది ముళ్ళు. "పల్లేరు కాయలనుకున్నా తల్లీ" అన్నారు. నా సంచిలో దువ్వెన ఉంటుంది, చిన్న పట్టకారు ఉంటుంది. కూర్చుని ఒక్కో ముల్లే తీశాను. అప్పుడు దగ్గరగా చూశాను ఆమె మొహం. నుదుటి మీద తడి లేదు, కణతల దగ్గర ఉప్పు తెల్లగా గీతలు కట్టింది. ఆయనకి తలనొప్పి, కడుపులో తిప్పుతోందట. బీపీకి ఏ మందు వాడుతున్నారని అడిగితే, ఒంట్లో నీరు తీసేసే బిళ్ళ పొద్దున్నే వేసుకున్నారట. నీరు తీసేసే బిళ్ళ వేసుకున్న మనిషిని అర లీటరు నీళ్ళతో ఎడారి లోయలో కూర్చోబెట్టి పోయారు!

నా దగ్గర మిగిలిన నీళ్ళలో ఉప్పూ చక్కెరా కలిపిన పొడి వేసి, కొంచెం కొంచెంగా ఇద్దరికీ తాగించాను. తువ్వాలు తడిపి ఆయన మెడ మీద వేశాను. అరగంటకి కాస్త తేరుకున్నారు. అప్పుడు దిగాడు అబ్బాయి, చేతిలో ఫోన్ స్టాండుతో. బాబూ, ఇలా వదిలేసి పోతే ఎలా, ఈ ఎండకి పెద్దవాళ్ళు తట్టుకోలేరు అన్నాను, మెల్లగానే అన్నాను. వాడు నవ్వి "ఏం కాదు ఆంటీ, మాది రెంటచింతల పక్క, మావాళ్ళకి ఎండ కొత్తా? మా అమ్మ ఏటా అలిపిరి నుంచి నడిచి ఎక్కుతుంది" అన్నాడు. అని, వాళ్ళిద్దర్నీ అదే గోడ ముందు నిలబెట్టి ఆ ఫోటో తీశాడు.

ఎండ కొత్తా! ఈ మాట నేను ఈ దేశంలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. రెంటచింతల పేరు చెప్పి, రామగుండం పేరు చెప్పి, ప్రతి ఒక్కడూ ఏదో పతకం గెలిచినట్టు మాట్లాడతాడు. అయ్యా, రెంటచింతలలో మే నెలలో మిట్టమధ్యాహ్నం ఎవరు తిరుగుతారు? ఏ రైతు కొండెక్కుతాడు? తెల్లారకముందే పొలానికి పోయి, ఎండ ఎక్కేసరికి పని ముగించి ఇంటికి చేరతారు. తలకి తుండు, తాగడానికి ఉప్పేసిన మజ్జిగ, కొరుక్కోవడానికి ఉల్లిపాయ. మధ్యాహ్నం వేపచెట్టు కింద మంచం. ఎండ అలవాటంటే అది. ఎప్పుడు లోపలికి రావాలో తెలియడం. మా తాత జమ్మలమడుగు దగ్గర అరవై ఏళ్ళు సేద్యం చేశాడు, ఒక్కరోజు కూడా మిట్టమధ్యాహ్నం చేలో నిలబడలేదు. ఆయన్ని ఎవరూ భయస్తుడు అనలేదు.

ఇక అలిపిరి. 3,550 మెట్లు, నేనూ ఎక్కాను, మూడుసార్లు. దారి పొడవునా పైన కప్పు, తాగే నీళ్ళు, మజ్జిగ, కాళ్ళు నొప్పి పుడితే కూర్చోవడానికి చోటు, కళ్ళు తిరిగితే పట్టుకోవడానికి వంద మంది గోవిందా గోవిందా అంటూ. పెరాల్టాలో ఎవరున్నారు? ఇంకో సంగతి, తిరుమలలో మొదట ఎక్కుతావు, ఓపిక అయిపోతే ఆగిపోతావు, కిందికి బస్సు ఉంది. గ్రాండ్ కాన్యన్ లాంటి చోట మొదట దిగుతావు. బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్లో దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, కాళ్ళు వాటంతట అవే పోతాయి, దిగేకొద్దీ వేడి పెరుగుతుంది, అడుగున నది దగ్గర పైన అంచు కంటే 20 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అసలు కష్టం వెనక్కి తిరిగాక మొదలవుతుంది, అప్పటికి నీళ్ళూ అయిపోతాయి, ఎండా ముదురుతుంది. ఎండాకాలంలో పది నుంచి నాలుగు దాకా లోపల నడవొద్దని అక్కడి రేంజర్లు చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతారు. మనవాళ్ళేమో వెగాస్ నుంచి నాలుగు గంటలు కారు నడుపుకుని సరిగ్గా పదకొండుకి దిగడం మొదలుపెడతారు.

మన కోస్తాలో అయితే చెమట కారి చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, ఒళ్ళు చెబుతుంది, మనం వింటాం. ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, మనిషి లోపల ఎండిపోతుంటాడు. అందుకే "నాకేం చెమట పట్టలేదు, బాగానే ఉన్నా" అన్నవాడే ముందు పడిపోతాడు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్ డిగ్రీలు, ఆపైన కాసింది. ఆ ఒక్క ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో ఎండకి సంబంధించి 645 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువ మంది కొండలెక్కిన వాళ్ళు కాదు, నీడ లేని వాళ్ళు, ఇంట్లో ఏసీ లేని వాళ్ళు. మరి అలాంటి ఊళ్ళో పని గట్టుకుని నీడ వదిలి ఎండలోకి పోయే మనకి ఎంత జాగ్రత్త ఉండాలి? 2021 నుంచి వేడి హెచ్చరిక ఉన్న రోజుల్లో నగరం వాళ్ళు కామెల్‌బ్యాక్, పిస్టెవా కొండ దారులు సాయంత్రం దాకా మూసేస్తున్నారు. దానికి కూడా మన గ్రూపులో "వీళ్ళకి అన్నిటికీ భయమే" అని వెక్కిరింపులు. ఆ ఎండలో స్ట్రెచర్ మోసుకుని కొండెక్కేది ఫైర్ డిపార్ట్‌మెంట్ పిల్లలు, వెక్కిరించినవాడు కాదు.

ఆ ఫోటో కింద మొదటి కామెంట్ ఎవరిదో చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. "సూపర్ బ్రో, ఇదీ మన బ్లడ్ అంటే." ఆ మనిషి నాకు బాగా తెలుసు. మూడేళ్ళ క్రితం ఆగస్టులో రెండు వ్యాన్లలో పేజ్ ఊరికి యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి లోయ చూడ్డానికి వెళ్ళాం, పిల్లలతో కలిపి పద్దెనిమిది మందిమి. ఆ నేల నవాహో అనే స్థానిక తెగ వాళ్ళది, వాళ్ళ గైడ్ లేకుండా లోపలికి అడుగు పెట్టనివ్వరు. మేము వెళ్ళిన పూట టూర్ ఆపేశారు. మా నెత్తిన ఎండ పెళ్ళున కాస్తోంది, దూరంగా దక్షిణాన మాత్రం మబ్బు నల్లగా కమ్ముకుని ఉంది. గైడ్ అమ్మాయికి ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో, ఎంతో ఓపికగా చెప్పింది. ఎగువన వాన పడుతోంది, ఆ నీళ్ళు ఇటే వస్తాయి, డబ్బులు వెనక్కి ఇచ్చేస్తాం అని. ఈ మనిషి ఇరవై నిమిషాలు ఆ పిల్లతో పోట్లాడాడు. "ఇక్కడ చుక్క పడలేదు కదా, ఏం డ్రామా ఇది, హోటల్ ఖర్చులు ఎవరిస్తారు" అని.

ఆ అమ్మాయి 1997 ఆగస్టు 12 గురించి చెప్పింది. దిగువ యాంటిలోప్ కాన్యన్లో సరిగ్గా అలాగే జరిగింది. ఎక్కడో మైళ్ళ దూరంలో వాన పడింది, కాన్యన్ దగ్గర చెప్పుకోదగ్గ వానే లేదు. వరద ఒక్కసారిగా వచ్చి 11 మంది టూరిస్టులు కొట్టుకుపోయి చనిపోయారు, వాళ్ళతో ఉన్న గైడ్ ఒక్కడు బతికాడు. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు చోట నీళ్ళు పక్కకి పోవు, పైకి లేస్తాయి. పారిపోవడానికి పక్క దారి ఉండదు. ఎగువ యాంటిలోప్ కాన్యన్‌ని నవాహో భాషలో రాళ్ళ మధ్యగా నీళ్ళు పారే చోటు అంటారు. పేరులోనే ఉంది. అందరూ ఫోన్లో వాల్‌పేపర్ పెట్టుకునే ఆ మెలికల గోడలని చెక్కింది ఆ వరదలే. ఇదంతా ఆ పిల్ల చెబుతుంటే ఈయన పక్కకి తిరిగి తెలుగులో "స్క్రిప్ట్ చదువుతోంది" అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ రోజు నుంచి ఆయనతో మాట మానేశాను, ఎందుకు మానేశానో గ్రూపులో చాలామందికి తెలియదు, ఇప్పుడు తెలుసుకోండి.

మా ఊరి పక్కనే గండికోట ఉంది కాబట్టి నాకు ఇది ఇంకా మండుతుంది. పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన చోటు. గండి అంటేనే నీరు కోసిన సందు. మా పెద్దవాళ్ళకి గండి అనే మాటలోనే నీటి భయం, నీటి మర్యాద రెండూ ఉన్నాయి. ఇప్పుడు దాన్ని అందరూ "ఇండియా గ్రాండ్ కాన్యన్" అంటున్నారు. దానికి దాని పేరు లేదా? సొంత పేరుతో పిలవలేని మనం, అక్కడి అంచున కాళ్ళు వేలాడేసి సెల్ఫీలు దిగే మనం, ఇక్కడికొచ్చి నవాహో అమ్మాయికి నీటి గురించి పాఠం చెబుతాం.

2024 మేలో ఇదే అరిజోనాలో ఫాసిల్ క్రీక్ అనే వాగు దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్ళలో మునిగి చనిపోయారు. ఆ వారమంతా గ్రూపులో దండం పెట్టే బొమ్మలు, కన్నీళ్ళ బొమ్మలు. ఆ తల్లిదండ్రుల మొహాలు తలుచుకుని నేను మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత వచ్చిన ట్రిప్ పోస్టులో ఒక్కరైనా "నీళ్ళు ఎన్ని తెస్తున్నారు, వాతావరణం చూశారా, ఎన్నింటికి వెనక్కి తిరుగుతున్నాం" అని అడిగారా? బిర్యానీ ఎవరు తెస్తున్నారో మాత్రం యాభై మెసేజులు.

నేను కొండలు ఎక్కొద్దనడం లేదు. అమ్మా నాన్నల్ని తీసుకెళ్ళొద్దనీ అనడం లేదు. ఆ కొండలంటే నాకు ప్రాణం. డిసెంబర్లో తీసుకెళ్ళండి, పొద్దున్నే తీసుకెళ్ళండి, షూ కొనివ్వండి, వెనకబడిన మనిషితో పాటు నడవండి. గంటకి మనిషికి ముప్పావు లీటరు అయినా నీళ్ళు ఉండాలి, సగం అయిపోయాయంటే ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి, పైన ఎంత అందం ఉన్నా సరే. ఉప్పు కూడా పడాలి లోపలికి, ఉత్త నీళ్ళు చాలవు. ఇందులో ఒక్కటైనా కష్టమైన పనా?

ఫోటో కింద ఇవన్నీ రాద్దామని సగం టైప్ చేసి తుడిపేశాను. ఆ అమ్మ కూడా ఆ గ్రూపు చూస్తారు. పార్కింగ్ దగ్గర నా చెయ్యి పట్టుకుని "వాణ్ణి ఏమీ అనకు తల్లీ, తెలియక చేశాడు" అన్నారు. సీసా మీ దగ్గరే ఉంచుకోండి అని వచ్చేశాను. ఇందాక ఫోన్ చేశాను. వేలు వాచిందట, అంకుల్‌కి తలనొప్పి ఇంకా తగ్గలేదట, పడుకున్నారట. వచ్చే ఆదివారం సెడోనా తీసుకెళ్తానన్నాడట అబ్బాయి. ఎన్నింటికి నడక మొదలుపెడతారమ్మా అని అడిగాను.

"పదకొండు అవుద్దేమో తల్లీ" అన్నారు.